పేజ్‌మేకర్ పాత విండోస్‌లో, వాట్సాప్ కొత్త విండోస్‌లో: ఫైళ్లు అటూ ఇటూ ఎలా పంపాలి?

లగ్గాల సీజన్ వచ్చిందంటే హనుమకొండలోని మా డీటీపీ షాపులో ఊపిరాడదు. ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది. పాత పెండ్లి కార్డులన్నీ మాత్రం పేజీలు డిజైన్ చేసే పేజ్‌మేకర్ 7లో, అను అనే పాత తెలుగు ఫాంట్లతో చేసినవే. 2001లో వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ కోసం, కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్‌లో విండోస్ 7 పెట్టుకున్నాం. కార్డు లోపల తయారవుతుంది, పార్టీకి ప్రూఫ్ పంపే వాట్సాప్ బయట ఉంటుంది. మధ్యలో పెన్‌డ్రైవ్ అక్కర్లేదు.

ముందు లోపలి విండోస్‌ను బయటి కంప్యూటర్‌తో కలిపే గెస్ట్ అడిషన్స్ వేయాలి. ఇది లేకుండా మిగతా ఏదీ పనిచేయదు. విండోస్ 7 నడుస్తుండగా, పైనున్న డివైసెస్ మెనూలో ‘ఇన్సర్ట్ గెస్ట్ అడిషన్స్ సీడీ ఇమేజ్’ నొక్కండి. లోపలి కంప్యూటర్‌లో సీడీ డ్రైవ్ తెరిచి ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ ఇవ్వండి. తర్వాత వర్చువల్‌బాక్స్ కిటికీ అంచును లాగితే లోపలి స్క్రీన్ కూడా దానితో పాటు సాగాలి. సాగిందంటే సరిగ్గా పడినట్టే.

ఇప్పుడు బయట ఒక కొత్త ఫోల్డర్ చేయండి. పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీల్లేకుండా పెడితే తలనొప్పి ఉండదు. మళ్లీ డివైసెస్, షేర్డ్ ఫోల్డర్స్, సెట్టింగ్స్. కుడిపక్కన ప్లస్ గుర్తు నొక్కి ఫోల్డర్ చూపించండి. ‘ఆటో మౌంట్’కు, పర్మనెంట్ అని ఉన్న పెట్టెకు టిక్ పెట్టండి. రెండోది మరిచిపోతే లోపలి మెషీన్ ఆపి మళ్లీ ఆన్ చేసేసరికి ఫోల్డర్ మాయం. లోపల ‘కంప్యూటర్’ తెరిస్తే అది నెట్‌వర్క్ డ్రైవ్‌లా కనిపిస్తుంది.

బద్ధకించి మొత్తం డీ డ్రైవ్‌ను మాత్రం షేర్ చేయకండి. నేను చేశాను. ఓ సాయంత్రం లోపలి నుంచి చెత్త ఏరేస్తూ, ఒక పార్టీ ఇచ్చిన ఫోటోల ఫోల్డర్‌ను కూడా డిలీట్ కొట్టాను. అక్కడ తీసేసినవి రీసైకిల్ బిన్‌లోకి రావు, నేరుగా పోతాయి. రెండు గంటలు టెన్షన్ పడి, చివరికి వాళ్లనే మళ్లీ పంపమని అడగాల్సి వచ్చింది. లోపలి కంప్యూటర్‌ను పాత స్థితికి తెచ్చే స్నాప్‌షాట్ వెనక్కి తిప్పినా లాభం లేదు, ఆ ఫోల్డర్ ఉండేది బయటి డిస్క్‌లో కదా.

పేజ్‌మేకర్ ఫైల్‌ను షేర్డ్ ఫోల్డర్‌లోంచి నేరుగా తెరవడం కూడా నాకు నచ్చదు. లోపలి సీ డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని పని కానిచ్చి, అయ్యాక పీడీఎఫ్‌ను షేర్డ్ ఫోల్డర్‌లో వేస్తాను.

ఒకచోట కాపీ చేసింది రెండో చోట పేస్ట్ చేసుకునే షేర్డ్ క్లిప్‌బోర్డ్ కూడా ఉంది. రెండు వైపులా పనిచేయాలంటే డివైసెస్‌లోనే ‘బైడైరెక్షనల్’ పెట్టుకోవచ్చు. ఫోన్ నంబర్లకు బాగానే పనికొస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన తెలుగును మాత్రం పేజ్‌మేకర్‌లో పేస్ట్ చేస్తే మిగిలేవి ప్రశ్నార్థకాలే. అది ఫోన్లలో వాడే యూనికోడ్ తెలుగు, అను ఫాంట్లు వేరే లెక్క. ముందు కన్వర్టర్‌లో మార్చుకోవాల్సిందే.

ఇంకో పని. విండోస్ 7కు సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరిలోనే ఆగిపోయాయి. అందుకే వర్చువల్‌బాక్స్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అడాప్టర్‌కు టిక్ తీసేయండి. డ్రైవ్ నెట్‌వర్క్‌లా కనిపించినా దానికి ఇంటర్నెట్‌తో పని లేదు, ఫైళ్లు మామూలుగానే అటూ ఇటూ తిరుగుతాయి.