లైనక్స్‌లో రికార్డ్ చేస్తుంటే సౌండ్ లేట్‌గా వస్తోందా?
ఆర్డోర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో గిటార్ వాయిస్తుంటే హెడ్‌ఫోన్స్‌లో సౌండ్ లేట్‌గా వస్తోందని సౌండ్ కార్డ్ మార్చేయకండి, ముందు బఫర్ సైజ్ (కంప్యూటర్ ఒక్కోసారి ఎన్ని సౌండ్ శాంపిల్స్ పోగేసి పంపుతుందో ఆ సంఖ్య) చూడండి. 48000 శాంపిల్ రేట్‌లో (అంటే సెకనుకి 48000 శాంపిల్స్) బఫర్ 1024 ఉంటే ఒక్క బఫర్‌కే 21 మిల్లీసెకన్లు పోతాయి, అదే 128 పెడితే 3 లోపే, చేతికీ చెవికీ తేడా తెలీదు.

మరీ తగ్గిస్తే చిటపటలు మొదలవుతాయి, అప్పుడు మీ యూజర్‌ని ఆడియో గ్రూప్‌లో చేర్చి లాగౌట్ అయ్యి మళ్ళీ లాగిన్ అవ్వండి (ఈ లాగౌట్ సంగతి మర్చిపోయి నేను ఓ సాయంత్రమంతా తల పట్టుకున్నా), చాలా డిస్ట్రోల్లో (లైనక్స్ రకాల్లో) రియల్‌టైమ్ ప్రయారిటీ, అంటే మిగతా పనులకంటే ఆడియోకి ముందు ఛాన్స్, అలాగే దొరుకుద్ది. సీపీయూ గవర్నర్ (ప్రాసెసర్ స్పీడ్‌ని కంట్రోల్ చేసే సెట్టింగ్) కూడా పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి.

మిక్సింగ్‌కి వచ్చాక మాత్రం మళ్ళీ 1024కి పెంచేయండి, అక్కడ లేట్ అయినా నష్టం లేదు, ప్లగిన్లు (సౌండ్‌కి ఎఫెక్ట్స్ ఇచ్చే చిన్న ప్రోగ్రామ్‌లు) హాయిగా నడుస్తాయి.