అల్యూమినియం హీట్ ట్రీట్‌మెంట్ – 4వ పాఠం: హార్డ్‌నెస్ తగ్గిందని కంగారు పడకండి

పోయిన పాఠంలో 7075ని (జింకు కలిపిన గట్టి అల్యూమినియం) టీ73కి, అంటే గరిష్ఠ బలం దాటేదాకా ఓవెన్‌లో ఉంచి పగుళ్లకి ఓర్చేలా చేసిన స్థితికి, తెమ్మన్నాను. మర్నాటి నుంచీ ఫోన్లే. "మాస్టారూ, హార్డ్‌నెస్ తగ్గిపోనాది, ఏటి సెయ్యాల?" పొందూరు కుర్రాడొకడైతే అడగను కూడా లేదు. ముక్కని మళ్లీ 120 డిగ్రీల ఓవెన్‌లో రోజంతా పెట్టి, "అయినా పెరగలేదండి" అన్నాడు. పెరగదు నాయనా. మెత్తబడ్డ అన్నాన్ని సన్నసెగ మీద పెడితే మళ్లీ పలుకవుతుందా? 470 దగ్గర నానబెట్టి, నీళ్లలో ముంచి, మొదటి నుంచీ రావలసిందే.

తప్పు నాదీ ఉంది. బలం 10-15 శాతం పోతుందని ముందే చెప్పాల్సింది.

అది దేనికి పోగొట్టుకోవాలంటే: కళింగపట్నంలో ఒక పడవ ఇంజను బ్రాకెట్ చూశాను. దళసరి టీ6 (బలం గరిష్ఠంగా ఉండే స్థితి) ప్లేటులోంచి కోసి, రంధ్రంలో బుష్ (లోహపు గొట్టం ముక్క) బిగుతుగా దిగ్గొట్టారు. ఇంజను ఎక్కించనేలేదు, గోడకి ఆనించి ఉండగానే రంధ్రం అంచున వెంట్రుకంత గీత! బుష్ తోపుకి ఉప్పుగాలి తోడైంది, గ్రెయిన్ల (లోహంలోని సన్నని పలుకుల) సరిహద్దు వెంట చీలింది. ప్లేటు మందం దిశలో టీ6 సుమారు 50 మెగాపాస్కల్ నిలకడ లాగుడుకే లొంగుతుంది. టీ73 అయితే 300 దాకా ఓర్చుకుంటుంది.

టీ73 రావాలంటే ప్లేటుకి 107 డిగ్రీల దగ్గర 6-8 గంటలు, తర్వాత 163 దగ్గర 24-30 గంటలు. నేను 26కి తీసేస్తాను.

ఇక నాకు ఒళ్లు మండే సంగతి. హార్డ్‌నెస్ ఒక్కటే చూసి "టీ73 వచ్చేసింది" అనడం. శాలిహుండం కొండ ఎక్కేవాడూ, దిగేవాడూ సగం దూరంలో ఒకే ఎత్తున ఉంటారు. ఎత్తు చెప్పి ఎటు పోతున్నాడో చెప్పగలరా? సరిగ్గా ఉడకని ముక్కా, టీ73 ముక్కా ఒకే అంకె చూపించొచ్చు. మొదటిది పగిలే రకం. విద్యుత్ వాహకత అలా మోసం చెయ్యదు, ఓవెన్‌లో ఉన్నకొద్దీ పెరుగుతుంది. రాగిని 100 అనుకుంటే టీ6 సుమారు 33, టీ73కి కనీసం 38 రావాలి. ఈ వాహకత కొలిచే ఎడ్డీ కరెంట్ మీటరు అరువైనా తెచ్చుకోండి. క్లాడింగ్ షీటయితే (పైన వేరే అల్యూమినియం పొర అతికించినది) పై పొర గీకెయ్యండి, లేదంటే మీటరు ఆ పొరనే చదువుతుంది.

అభ్యాసం: ఒకే టీ6 ప్లేటులోంచి 11 ముక్కలు. ఒకటి అలాగే ఉంచి, మిగతా పదీ 163లో పెట్టి, మూడు గంటలకొకటి చొప్పున తియ్యండి. రాత్రి పన్నెండుకీ, మూడుకీ కూడా లేవాలి. హార్డ్‌నెస్, వాహకత రెండు అంకెలూ రాయండి. మధ్యలో కరెంటు పోతే ఎంతసేపో రాసి, ఆ ముక్కల్ని దాచండి. అయిదో పాఠం వాటితోనే.