పాత జిప్సీలో స్క్రాప్ బెంచ్ సీటు బిగించే పద్ధతి

1985లో మన రోడ్ల మీదికి వచ్చిన మారుతి జిప్సీ సాఫ్ట్ టాప్ (గుడ్డ పైకప్పు) బండ్లలో వెనుక కూర్చునేవారు ఒకరికొకరు ఎదురుగా, బండి వెళ్లే దిశకు అడ్డంగా కూర్చుంటారు. అనంతగిరి కొండల దారుల్లో ఒక పూట తిరిగి వస్తే ఆ కూర్చోవడంలో నడుముకు ఎంత శ్రమో తెలుస్తుంది. పిల్లలను, పెద్దవారిని అలా కూర్చోబెట్టి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగంగా తీసుకెళ్లడం ప్రమాదకరం కూడా. అందుకే చాలామంది యజమానులు ఆ పక్క సీట్లను తీసివేసి, ఏదైనా పాత బండి నుంచి తీసిన బెంచ్ సీటును ముందుకు చూసేలా పెట్టించుకుంటారు. ఈ పనిలో సీటు పాతదైనా ఫరవాలేదు, కానీ దాన్ని నేలకు పట్టి ఉంచే ప్రతి వస్తువూ కొత్తదే అయి ఉండాలి. ఇక్కడ చెప్పబోయే కొలతలకూ జాగ్రత్తలకూ ఆధారం ఈ ఒక్క నియమమే.

పనిముట్లు చేతిలోకి తీసుకోక ముందు ఆర్‌సీ తీసి చూడండి. అందులో సీట్ల సంఖ్య రాసి ఉంటుంది. తయారీదారు మొదట నిర్దేశించి, రిజిస్ట్రేషన్‌లో నమోదైన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది. కాబట్టి ఖైరతాబాద్‌లో గానీ మీ పరిధిలోని మరే ఆర్‌టీఏ కార్యాలయంలో గానీ ముందుగా రాతపూర్వకంగా అడిగి, వారు చెప్పిన మేరకే పని మొదలుపెట్టండి. మెకానిక్ నోటిమాటగా ఇచ్చే భరోసా ఫిట్‌నెస్ పరీక్ష దగ్గర గానీ బీమా క్లెయిమ్ దగ్గర గానీ మిమ్మల్ని కాపాడదు.

సీటు ఎంపికలో మెత్తదనాన్ని, రంగును చూసి మోసపోయేవారే ఎక్కువ. అసలు చూడవలసింది ఆ సీటుకు సొంత ఇనుప చట్రం, కాళ్లు ఉన్నాయా లేదా అన్నది. మారుతి 800 వంటి చిన్న కార్లలో వెనుక సీటు దిండు నేరుగా బాడీ రేకు మీద కూర్చుంటుంది, వీపు భాగం కూడా బాడీకే తగిలించి ఉంటుంది. అంటే ఆ సీటు బలమంతా ఆ కారు బాడీదే గానీ సీటుది కాదు. దాన్ని తెచ్చి జిప్సీలో పెడితే చేతికి వచ్చేది స్పాంజి, తీగలు మాత్రమే. వ్యాన్లు, ఎస్‌యూవీల మధ్య వరుసలో ఉండే బెంచ్‌లకు సాధారణంగా సొంత చట్రమూ, నేలకు బోల్టులు పడే కాళ్లూ ఉంటాయి. వెతకవలసింది వాటినే.

పుత్లీబౌలిలో గానీ నగరంలోని మరే స్క్రాప్ దుకాణంలో గానీ సీటు కొనేటప్పుడు దాన్ని బోర్లా తిప్పి చూడండి. కాళ్ల దగ్గరి వెల్డింగ్‌లో వెంట్రుకంత పగుళ్లు, ఒక మూల వంపు, ఒకే వైపు కొత్త పెయింటు కనిపిస్తే ఆ బండి ఢీకొని ఉండవచ్చని అనుమానించాలి. 2020 అక్టోబరు వరదల్లో నగరంలో ఎన్నో కార్లు మునిగిపోయాయి. ఆ తర్వాత నేను ఒక దుకాణంలో శుభ్రంగా కనిపించిన సీటు కొని తెచ్చుకుంటే, మూడు నెలలకే దిండు లోపలి నుంచి బురద వాసన రావడం, స్ప్రింగులు తుప్పుకు తెగిపోవడం మొదలయ్యాయి. అప్పటి నుంచి కవరు జిప్పు తెరిచి, లోపలి స్పాంజిని వేళ్లతో నొక్కి వాసన చూడకుండా ఏ సీటునూ కొనడం లేదు. వీపు భాగం మడిచే రకమైతే దాని లాక్, ఆ లాక్ పట్టుకునే కొక్కెం రెండూ ఒకే బండివి అయి ఉండాలి. వెనుక పెట్టిన స్టెప్నీ, సామాను బ్రేకు వేసినప్పుడు ముందుకు దూసుకు రాకుండా అడ్డుకునేది ఆ లాకే.

కొలతలు మూడు ముఖ్యం. మొదటిది వెనుక చక్రాల మీది రెండు రేకు గుబ్బల మధ్య వెడల్పు. బెంచ్ కాళ్లు ఆ మధ్యలో పట్టాలి; దిండు మాత్రం గుబ్బల పైకి కొంత వచ్చినా ఇబ్బంది లేదు. రెండవది నేల నుంచి దిండు ముందు అంచుకు ఎత్తు. ఇది సుమారు 30 సెంటీమీటర్లైనా లేకపోతే మోకాళ్లు ఛాతీ వైపు లేచి, నడుము బెల్టు కటి ఎముక మీద కాకుండా పొట్ట మీదికి జారుతుంది. మూడవది తలకూ టాప్ గొట్టాలకూ మధ్య ఖాళీ. ఇంట్లో అందరికన్నా పొడుగు మనిషిని కూర్చోబెట్టి చూసుకోవాలి. సీటును అట్టముక్కల మీద ఎత్తి పెట్టి, రసమట్టంతో సరిచూసి, ఆ స్థానంలోనే ఒక రోజు వదిలేసి తలుపులు, ముందు సీట్ల కదలిక అన్నీ పరీక్షించిన తర్వాతే నేల మీద గుర్తులు పెట్టండి.

ఇక నేల సంగతి. ఇక్కడే ఎక్కువ సమయం వెచ్చించాలి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి 60 సెంటీమీటర్ల దూరంలో ఆగిపోతే లోపలి ప్రతి వస్తువూ తన బరువుకు దాదాపు 16 రెట్ల బలంతో ముందుకు లాగుతుంది. 20 కిలోల సీటు 320 కిలోలు అవుతుంది. 60 కిలోల మనిషి 960 కిలోలు అవుతాడు. ఆ బలాన్ని పలుచని రేకు, దాని కింద రూపాయి బిళ్లంత వాషరు ఆపలేవు; బోల్టు తెగదు, రేకే చిరిగి బోల్టు వాషరుతో సహా పైకి వచ్చేస్తుంది. కాబట్టి ముందుగా మ్యాట్‌లు తీసి, నేలను కింద నుంచీ పై నుంచీ స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. ఎక్కడైనా రేకు లోపలికి దిగిందంటే అక్కడ పుచ్చిపోయిందని అర్థం. ఆ భాగాన్ని టింకర్ చేత కోయించి కొత్త రేకు అతికించే వరకు సీటు మాట ఎత్తకూడదు. తుప్పు మీద ప్లేటు పెట్టి బిగించడం ఎంతమాత్రం సరికాదు.

జిప్సీలో పెట్రోలు ట్యాంకు వెనుక నేల కిందనే ఉంటుంది. ఈ మాట మరిచి పై నుంచి డ్రిల్లు దింపితే ఏమవుతుందో వివరించనవసరం లేదు. ఖాళీ ట్యాంకు అయితే భయం లేదనుకోవడం కూడా పొరపాటే, ఎందుకంటే నిండు ట్యాంకు కన్నా ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే సులభంగా పేలుతుంది. బ్యాటరీ నెగటివ్ తీగ తీసివేసి, బండి కిందికి వెళ్లి ట్యాంకు, బ్రేకు గొట్టాలు, వైర్ల దారిని సుద్దముక్కతో గుర్తించి, ఆ గుర్తులను కొలతల ద్వారా పైకి తెచ్చుకోవాలి. రంధ్రాలు ట్యాంకు పైన పడేటట్లుంటే ట్యాంకును దింపించి, బండికి దూరంగా పెట్టిన తర్వాతే పని చేయాలి. వెల్డింగ్ అవసరమైతే ట్యాంకు బండిలో ఉండగా ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. డ్రిల్లు బిట్‌కు ఒక చెక్కముక్క తొడిగి, మొన ఒక సెంటీమీటరు మాత్రమే బయటికి ఉండేలా చేసుకుంటే చేయి జారినా లోతుకు దిగదు.

ముందు 3 మిల్లీమీటర్ల బిట్‌తో చిన్న రంధ్రం చేసి, కింద సరైన చోట పడిందని చూసుకుని, ఆ తర్వాత క్రమంగా పెంచుకుంటూ 10.5 మిల్లీమీటర్లకు తీసుకురండి. అంచుల గరుకును ఆకురాయితో తీసివేసి, రంధ్రం లోపలి అంచుకు కూడా రెడాక్సైడ్ ప్రైమర్ పూయండి. ప్రతి బోల్టు కింద కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 75 మిల్లీమీటర్ల పొడవు వెడల్పులు గల ఇనుప ప్లేటు, మూలలు గుండ్రంగా రాచి పెట్టాలి. పదునైన మూల రేకును కత్తిలా కోస్తుంది. నేల రేకు గాడులుగా ఉన్న చోట ప్లేటు పూర్తిగా ఆనదు కాబట్టి, ఆ గాడి ఆకారానికి తగినట్టు వంచించుకోండి. బోల్టు ఏదైనా డొల్ల పట్టీ గుండా వెళ్లవలసి వస్తే, లోపల ఒక గొట్టం ముక్క దూర్చాలి, లేకపోతే బిగించేకొద్దీ పట్టీ నలిగిపోయి బోల్టు ఎప్పటికీ బిగుసుకోదు. కొందరు బలం కోసమని సీటు ఒక కాలును బాడీకి, మరొక కాలును బండి అడుగు చట్రమైన చాసిస్‌కు బిగిస్తారు. జిప్సీ బాడీ రబ్బరు బుష్‌ల మీద చాసిస్‌పై కూర్చుని ఉంటుంది. గుంతల్లో ఆ రెండూ వేర్వేరుగా కదులుతాయి కాబట్టి, అలా బిగిస్తే కొన్నాళ్లకే నేల రేకు పగులుతుంది. సీటు మొత్తాన్నీ బాడీకే బిగించండి.

బోల్టుల కోసం రాణీగంజ్ వెళ్లండి. తల మీద 8.8 అని ముద్ర ఉన్న ఎం10 (10 మిల్లీమీటర్ల వ్యాసం) హై టెన్సైల్ (ఎక్కువ లాగుడు తట్టుకునే) బోల్టులు, వాటికి తగిన నైలాక్ నట్లు (వదులు కాకుండా లోపల నైలాన్ వలయం ఉండేవి) తీసుకోండి. ముద్ర లేని బోల్టు ఎంత మెరిసినా వద్దు. వీటిని బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో సుమారు 45 న్యూటన్ మీటర్లకు బిగిస్తే సరిపోతుంది. రంధ్రం చుట్టూ సీలెంట్ పెట్టి బిగిస్తే వానాకాలంలో కింది నీరు పైకి రాదు.

సీటు బెల్టులు మాత్రం కొత్తవే కొనాలి. ఒకసారి ప్రమాదంలో సాగిన పట్టీ చూపుకు మామూలుగానే ఉంటుంది, కానీ రెండవసారి పని చేయకపోవచ్చు. బెల్టు బోల్టులది 7/16 అంగుళం, అంగుళానికి 20 మరలు ఉండే కొలత. దాని బదులు ఎం10 వేస్తే పట్టు లేకుండా వదులుగా కూర్చుంటుంది. తనంతట తాను చుట్టుకునే బెల్టు డబ్బాను, అది ఏ కోణంలో బిగించడానికి తయారైందో అదే కోణంలో నిలబెట్టాలి, లేకపోతే లోపలి గుండు పక్కకు ఒరిగి పట్టీ బయటికే రాదు. సాఫ్ట్ టాప్‌లో భుజం బెల్టు పై కొసను పట్టుకునే స్తంభం ఉండదు. టాప్ గొట్టాలకు దాన్ని తగిలించడం ప్రమాదం; అవి గుడ్డను మోయడానికే తప్ప మనిషిని ఆపడానికి కావు. సరైన రోల్ బార్ (బాడీకి బిగించే బలమైన ఇనుప కమాను) లేనంత వరకు, రెండు కొసలూ నేల ప్లేట్లకు బిగిసిన నడుము బెల్టుతో సరిపెట్టుకుని, పిల్లలను మరో బండిలో తీసుకెళ్లడమే నా అభిప్రాయంలో ఉత్తమం. వెనుక ముందుకు చూసే సీట్లలో కూర్చునేవారూ బెల్టు పెట్టుకోవాలని నిబంధన ఉంది, పెట్టుకోకపోతే 1000 రూపాయల జరిమానా ఉంది.

కవర్లు కుట్టించే పని చివరన పెట్టుకోండి. ముందు కవరు లేని సీటు మీద ఇద్దరు కూర్చుని, కాళ్లు నేలకు తన్ని వెనక్కి నెట్టి చూడాలి. ఆ సమయంలో ఒకరు కింద పడుకుని ప్లేట్లు కదులుతున్నాయేమో గమనించాలి. 100 కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తో మళ్లీ సరిచూడండి, 1000 కిలోమీటర్లకు మరోసారి చూడండి. ఆ తర్వాత ఏటా వానలు తగ్గాక, అక్టోబరులో బండిని ఎత్తించి ప్లేట్ల అంచుల చుట్టూ సీలెంట్ విడిందేమో, ఎర్రటి తుప్పు గీత కనిపిస్తోందేమో టార్చి వేసి చూడండి.