కంటి చుట్టూ చర్మ సంరక్షణ – 3వ పాఠం: ఎక్కడ రాయాలి, ఎంత రాయాలి

గత పాఠంలో ఇచ్చిన అభ్యాసం చేశారా? కంటి కింది నలుపు ఏ రకమో తెలుసుకోవడానికి కిటికీ ఎదురుగా అద్దం పెట్టుకుని, కంటి కింది చర్మాన్ని వేలితో మెల్లగా పక్కకు లాగి చూడమన్నాం. లాగినప్పుడు గోధుమ రంగు కూడా చర్మంతో పాటే జరిగితే అది మెలనిన్, అంటే చర్మానికి రంగునిచ్చే పదార్థం. నీలంగానో ఊదాగానో కనిపించి, లాగితే మరింత స్పష్టమైతే అవి చర్మం కింది రక్తనాళాలు. ముఖం పైకెత్తి వెలుతురు సూటిగా పడనిస్తే నలుపు తేలిపోయిందా? అది రంగు కాదు, కంటికీ చెంపకీ మధ్యనున్న గుంట వేసిన నీడ. ఒకరికే రెండు మూడు రకాలు కలిసి ఉండటం మామూలే.

ఈ తేడా తెలిస్తే కొనేటప్పుడు సగం వడపోత అయిపోయినట్టే. మెలనిన్‌కి 2 నుంచి 5 శాతం నియాసినమైడ్ (విటమిన్ బి3 రూపం), ఘాటు తక్కువగా ఉండే విటమిన్ సి రూపాలు, వాటితో పాటు తప్పనిసరిగా సన్‌స్క్రీన్ వాడాలి. రక్తనాళాలకు కెఫీన్ పనికొస్తుంది. కానీ అది నాళాలను కొద్ది గంటలు మాత్రమే ముడుచుకునేలా చేస్తుంది, సాయంత్రానికి మళ్లీ మొదటికే వస్తుంది. నీడకు ఏ క్రీమూ పనిచేయదు, డబ్బా మీద ఏం రాసి ఉన్నా సరే. కంటి కింద ఉదయం ఉబ్బి మధ్యాహ్నానికి తగ్గేది నీరు కాబట్టి చల్లటి తడిగుడ్డ, కెఫీన్ కొంత సాయం చేస్తాయి. రోజంతా ఒకేలా ఉండే సంచి సాధారణంగా ముందుకు తోసుకొచ్చిన కొవ్వు. అది పూతలకు లొంగదు.

పైవేవీ లేకుండా చర్మం కాస్త పొడిగా మాత్రమే ఉంటే ప్రత్యేకంగా ‘ఐ క్రీమ్’ కొనక్కర్లేదు. గ్లిజరిన్, సెరమైడ్లు (చర్మంలో సహజంగా ఉండే కొవ్వులు) ఉండి సువాసన కలపని మామూలు మాయిశ్చరైజర్ చాలు.

ఇక అసలు పాఠం. కంటి దగ్గర వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మనం ముందు క్రీమునే తప్పుపడతాం. చాలాసార్లు తప్పు చోటులోనూ మోతాదులోనూ ఉంటుంది.

రెప్ప చర్మం మందం సుమారు అర మిల్లీమీటరు. ఒంట్లో ఇంతకన్నా పలుచని చర్మం లేదు. పైగా రాసిన పూత రాసిన చోటే ఉండదు. ఒంటి వేడికి కరుగుతుంది, రెప్పలార్పినప్పుడల్లా కొంచెం కొంచెం జరుగుతుంది. ఎముక మీద రాసింది గంట తిరిగేసరికి రెప్ప వెంట్రుకల దాకా పాకవచ్చు. అందుకే గమ్యానికి కాస్త ఇవతలే ఆపాలి.

చూపుడు వేలితో కంటి చుట్టూ మెల్లగా తడమండి. గట్టిగా తగిలే గుండ్రటి అంచే కంటి గూడు ఎముక. మన హద్దు అదే. కింది వైపు ఆ ఎముక మీదే రాయాలి, రెప్ప వెంట్రుకలకూ పూతకూ మధ్య కనీసం ఒక వేలి వెడల్పు ఖాళీ ఉండాలి. పైన కనుబొమ కింది ఎముక దాకే రాయాలి. ‘రెప్పల మీద వాడవచ్చు’ అని లేబుల్ మీద స్పష్టంగా ఉంటే తప్ప కదిలే పైరెప్ప జోలికి వెళ్లొద్దు.

మోతాదు రెండు కళ్లకూ కలిపి ఒక పెసరగింజంత. దాన్ని రెండు ఉంగరపు వేళ్ల కొసల మధ్య అద్దుకుని, ఒక్కో కంటి కింద మూడు నాలుగు చుక్కలు పెట్టి, బయటి మూల నుంచి లోపలికి తట్టుతూ కలపండి. ఉంగరపు వేలే ఎందుకంటే, చూపుడు, మధ్య వేళ్లంత బలం దానికి ఉండదు. రుద్దొద్దు. పదే పదే రుద్దితే చర్మం మెలనిన్‌ని ఇంకా పెంచుకుంటుంది, అంటే నలుపు పోగొట్టే పనిలోనే నలుపు పెంచుకున్నట్టు. నిమిషం తర్వాత కూడా తెల్లగా, జిడ్డుగా కనిపిస్తే ఎక్కువైందని అర్థం. టిష్యూతో అద్ది తీసేయండి.

ముఖం కడిగాక నీళ్లలాంటి సీరమ్, తర్వాత కంటి పూత, ఆపైన మాయిశ్చరైజర్, పగలైతే చివర సన్‌స్క్రీన్. రాత్రి పడుకునే ముందు అరగంట వ్యవధి ఉంచండి. లేకపోతే దిండుకు అంటి, అక్కడి నుంచి కంట్లోకి చేరుతుంది. కాంటాక్ట్ లెన్సులు వాడేవారు పొద్దున లెన్సులు పెట్టుకున్నాకే చేతికి క్రీము తీసుకోవాలి. రాత్రి చేతులు కడుక్కుని లెన్సులు తీశాకే ముఖం శుభ్రం చేసుకోవాలి.

సన్నటి గీతల కోసం వాడే రెటినాల్ (విటమిన్ ఎ రూపం) విషయంలో తొందర అస్సలు పనికిరాదు. కంటి దగ్గరకు 0.1 శాతం లేదా అంతకన్నా తక్కువతో మొదలుపెట్టండి. మొదటి రెండు వారాలు వారానికి రెండు రాత్రులు, తర్వాతి రెండు వారాలు రాత్రి విడిచి రాత్రి, అప్పటికీ మంట, పొట్టు లేకపోతేనే రోజూ. ముందు పలుచగా మాయిశ్చరైజర్ రాసి దాని మీద రెటినాల్ రాస్తే ఘాటు తగ్గుతుంది. సన్నటి గీతల్లో తేడా కనిపించడానికి మూడు నెలలైనా పడుతుంది. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు దీన్ని వాడకూడదు. కళ్లు పొడిబారే సమస్య ఉన్నవారు కంటి వైద్యుల్ని అడగాలి.

కొన్ని ఇబ్బందులు, వాటి వెనకున్న కారణాలు చూద్దాం. పూసిన కాసేపటికి కళ్లు మండి నీళ్లు కారితే పూత పాకిందని గుర్తు. మోతాదు సగానికి తగ్గించి, పూసే చోటు ఇంకాస్త కిందికి దించండి. ఆవగింజకన్నా చిన్న తెల్లటి గట్టి పొక్కులు వస్తే అవి మిలియా, చర్మం కింద చిక్కుకున్న కెరాటిన్ అనే చర్మపు ప్రోటీన్. వాటిని గిల్లొద్దు, పిండొద్దు. బరువైన పూత మానేసి జెల్‌కు మారి చూడండి. పోకపోతే చర్మ వైద్యులు సూదితో క్షణంలో తీసేస్తారు.

రెప్పలు ఎర్రబడి, దురదపెట్టి, పొలుసులు లేస్తే కంటి చుట్టూ రాసేవన్నీ ఆపేయండి. అసలు దోషి క్రీము కాకపోవచ్చు కూడా. గోళ్ల రంగు, జుట్టు రంగు, షాంపూ చేతుల ద్వారానో కడిగిన నీటి ద్వారానో రెప్పలకు చేరి అలర్జీ తెస్తాయి. వేళ్ల దగ్గర ఏమీ ఉండదు, పలుచని రెప్ప మాత్రం ముందుగా బయటపెడుతుంది. ఆ దురదకు ఇంట్లో ఉన్న స్టిరాయిడ్ పూత సొంతంగా రాయడం మాత్రం పెద్ద పొరపాటు. కంటి దగ్గర అది ఎక్కువ కాలం వాడితే కంట్లో ఒత్తిడి పెరిగి గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), అలాగే శుక్లం వచ్చే ప్రమాదం ఉంది.

రెప్ప వెంట్రుకలు పెంచే సీరమ్ వాడుతూ కంటి కింద నలుపు పెరిగిందంటే లేబుల్ చదవండి. బైమాటోప్రోస్ట్‌లాంటి ప్రోస్టాగ్లాండిన్ రకం పదార్థాలు చుట్టూ ఉన్న చర్మాన్ని నల్లబరుస్తాయి. అలాంటప్పుడు నలుపు తగ్గించే క్రీములు ఎన్ని మార్చినా ప్రయోజనం ఉండదు.

ఈ వారం అభ్యాసం: ఎంచుకున్న ఉత్పత్తిని మోచేతి మడత లోపల రూపాయి బిళ్లంత చోట, రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు రాయండి. కడగకుండా వదిలేయండి. ఎరుపు, దురద రాకపోతే ఎనిమిదో రోజు ఒక్క కంటి కింద మొదలుపెట్టి, రెండు రోజులాగి రెండోదానికి రాయండి. తెరిచిన తేదీని సీసా అడుగున పెన్నుతో రాసుకోండి. మూత తెరిచిన డబ్బా బొమ్మలో ఉండే 6 లేదా 12 అంకె తెరిచాక ఎన్ని నెలలు వాడవచ్చో చెబుతుంది. 4వ పాఠంలో కళ్లు మండని సన్‌స్క్రీన్ ఎంపిక, మస్కారా తుడిచే పద్ధతి.