అమ్మే ఇంటికి ముస్తాబు – 4వ పాఠం: సామాను ఎంత కొనాలి, ఫీజు ఎంత అడగాలి

మొదటి మూడు పాఠాల్లో ఇంటిని కొనేవాళ్ల కళ్లతో చూడటం, అడ్డంగా ఉన్నవి తీసేయించడం, చిన్న మరమ్మతులు, లైట్లు, ఫొటోలు నేర్చుకున్నాం. మూడో పాఠం చివర ఒక అభ్యాసం ఇచ్చాను: తెలిసినవాళ్ల ఫ్లాట్ ఒకటి, ఉన్న సామానుతోనే సర్ది, సర్దక ముందూ సర్దాకా ఫొటోలు తీయమని. అది పూర్తయ్యాకే ఈ పాఠం మొదలుపెట్టండి. ఈ రోజంతా లెక్కలే. ఒక్క ఇల్లయినా సర్దినవాళ్లకే ఇవి ఒంటబడతాయి. పక్కన కాగితం, పెన్ను పెట్టుకోండి.

హోమ్ స్టేజింగ్‌లో, అంటే అమ్మకానికి పెట్టిన ఇంటిని ముస్తాబు చేసే ఈ పనిలో, లాభం ఎక్కడ పుడుతుందో ముందే చెప్పేస్తాను. మీ సోఫా ఏడాదిలో ఎన్ని ఇళ్లు తిరిగింది అన్నదాంట్లో. మీ చేతిలో ఎంత కళ ఉన్నా, సామాను గోడౌన్‌లో కూర్చుంటే అది రోజూ మీ డబ్బు తింటుంది. అందుకే పని దొరక్కముందే సామాను కొనడం ఈ వ్యాపారంలో అన్నిటికన్నా ఖరీదైన తొందరపాటు.

మనం అమ్మేది మూడు రకాల పని. ఒకటి, సలహా మాత్రమే: ఇల్లంతా తిరిగి చూసి, ఏ గదిలో ఏం మార్చాలో రాసి ఇవ్వడం. రెండు, యజమాని సామానుతోనే సర్దడం. మూడు, ఖాళీ ఇంటికి మన సామాను తెచ్చి అద్దెకు పెట్టడం. మొదటి రెండింటికీ పెట్టుబడి దాదాపు ఏమీ ఉండదు, మీ సమయం తప్ప. కొత్తవాళ్లు కనీసం ఆరు నెలలు వీటితోనే నడపాలని నా గట్టి అభిప్రాయం. ఆ ఆరు నెలల్లో బ్రోకర్లు మిమ్మల్ని గుర్తుపడతారు, మీ ప్రాంతంలో ఏ ఫ్లాట్లు ఖాళీగా అమ్మకానికి వస్తున్నాయో తెలుస్తుంది. మూడో రకం పనికి ఎంత గిరాకీ ఉందో అప్పుడు కళ్లారా చూసి సామాను కొనొచ్చు.

ఇప్పుడు ఆ మూడో రకం లెక్క. హైదరాబాదులో రీసేల్‌కి వచ్చిన ఒక మామూలు రెండు బెడ్‌రూముల ఫ్లాట్ అనుకుందాం. కింది అంకెలు లెక్క నేర్చుకోవడానికి వేసినవి. మీ ఊరి ధరలు కనుక్కుని వాటి స్థానంలో పెట్టుకోండి.

హాలుకీ ఒక బెడ్‌రూముకీ సరిపడా సెట్టు, అంటే సోఫా, టీపాయ్, నలుగురు కూర్చునే డైనింగ్ టేబుల్, మంచం, పరుపు, కర్టెన్లు, రెండు దీపాలు, గోడకు బొమ్మలు, అన్నీ కలిపి 1,20,000 రూపాయలు అయిందనుకోండి. మూడేళ్లు వాడాక 20,000కు అమ్ముడుపోతుంది. అంటే అరిగిపోయేది లక్ష. ఏడాదికి 6 ఇళ్లు తిరిగితే మూడేళ్లలో 18 సార్లు, ఒక్కోసారికి సుమారు 5,550. ఏడాదికి 3 ఇళ్లే తిరిగితే 9 సార్లు, ఒక్కోసారికి సుమారు 11,100.

తీసుకెళ్లడానికీ తిరిగి తేవడానికీ ట్రాలీ ఆటో, హమాలీలు కలిపి 8,000. మీతో పనిచేసే ఇద్దరి కూలి 3,000. ఉతుకులు, చిన్న రిపేర్లు 2,000. గోడౌన్ అద్దె నెలకు 5,000, ఏడాదికి 60,000. ఇది 6 ఇళ్ల మీద పడితే ఇంటికి 10,000, 3 ఇళ్ల మీదే పడితే 20,000.

కూడండి. 6 ఇళ్లు తిరిగే సెట్టుకు ఒక్కో ఇంటికి అయ్యే ఖర్చు 28,550. 3 ఇళ్లే తిరిగే సెట్టుకు 44,100. మీరు 45 రోజులకు 40,000 ఫీజు తీసుకుంటున్నారనుకుందాం. మొదటివారికి ఇంటికి 11,450 మిగులుతుంది, ఏడాదికి 68,700. రెండోవారికి ప్రతి ఇంటి మీదా 4,100 చేతినుంచి పోతుంది. ఇద్దరి పనితనమూ ఒకటే, ఫీజూ ఒకటే. పైగా ఇందులో మీ సొంత కష్టానికి ఇంకా ఒక్క రూపాయీ వేసుకోలేదు.

గోడౌన్ వరుస మళ్లీ ఒకసారి చూడండి. ఒకే ఒక్క సెట్టు కోసం గోడౌన్ తీసుకోవడం దండగ. ఇంట్లో ఒక గదో, మేడ మీద పెంట్‌హౌస్ గదో ఉంటే, 3 ఇళ్లే తిరిగినా ఖర్చు 24,100కు దిగుతుంది, 15,900 మిగులుతుంది. అదే గోడౌన్‌లో రెండు సెట్లు పెట్టి రెండూ ఆరేసి ఇళ్లు తిరిగితే, ఇంటికి గోడౌన్ భారం 5,000 మాత్రమే. అప్పుడు ఇంటికి 16,450, మొత్తం 12 ఇళ్ల మీద 1,97,400. కాబట్టి వరుస ఇది: మొదట సలహా పని, తరువాత ఇంట్లో పట్టే ఒక సెట్టు, రెండో సెట్టు కొనాల్సి వచ్చినప్పుడే గోడౌన్.

ఏడాదికి 6 ఇళ్లు ఎలా అంటారా? 45 రోజుల చొప్పున 6 సార్లంటే 270 రోజులు. మిగిలిన మూడు నెలలు మన పంచాంగం ఎలాగూ తినేస్తుంది. ఆషాఢంలో గృహప్రవేశాలు ఉండవు, కొనేవాళ్లు ఇళ్లు చూడటానికే బద్ధకిస్తారు. సంక్రాంతి ముందు ధనుర్మాసం, పుష్యమాసం కూడా అంతే. మూఢం వచ్చినా, అధిక మాసం వచ్చినా పని సన్నగిల్లుతుంది. శ్రావణం నుంచి దసరా, దీపావళి దాకా, మళ్లీ మాఘం నుంచి వేసవి దాకా మీ సామాను బయటే ఉండాలి. ఏడాది మొదట్లోనే పంచాంగం దగ్గర పెట్టుకుని క్యాలెండర్ మీద ఈ నెలలు గుర్తుపెట్టుకోండి. ఖాళీ నెలల్లో సలహా పని, అద్దెకిచ్చే ఇళ్ల ఫొటోలు, బిల్డర్ల మోడల్ ఫ్లాట్లు పట్టుకోవాలి. సోఫా గుడ్డ మార్పించడం, మంచానికి పాలిష్ కూడా అప్పుడే.

ఈ వృత్తి 1972లో అమెరికాలో, సియాటెల్ ప్రాంతంలో ఇళ్లు అమ్మిపెట్టే బార్బ్ శ్వార్జ్‌తో మొదలైందని చెబుతారు. అక్కడ మొదటి నెల అద్దె కలిపి ఒక ఫీజు, ఆ తరువాత ఇల్లు అమ్ముడయ్యేదాకా నెలనెలా అద్దె తీసుకోవడం చాలామంది పద్ధతి. మనమూ అలాగే చేయొచ్చు. కానీ ఒక్క మాట మార్చుకోవాలి, ఈ పాఠంలో నేను ఎక్కువసేపు నిలబడాలనుకున్నది ఇక్కడే.

మన దగ్గర ఇల్లు అమ్ముడయ్యే రోజు ఏది? బేరం కుదిరి బయానా చేతులు మారి, అగ్రిమెంటు రాసుకుంటారు. తరువాత కొనేవాళ్లు బ్యాంకు లోనుకు వెళ్తారు. బ్యాంకు లాయరు కాగితాలు చూడాలి, ఇంజనీరు వచ్చి ఇల్లు చూడాలి. రిజిస్ట్రేషన్ అయ్యేసరికి నెలో రెండు నెలలో పడుతుంది. మీ ఒప్పందంలో ‘అమ్ముడయ్యేదాకా’ అని రాసుకుంటే యజమాని దాన్ని రిజిస్ట్రేషన్ దాకా లాగుతాడు. అన్ని రోజులూ మీ సెట్టు పని అయిపోయిన ఇంట్లో బందీ. అందుకే ఒప్పందంలో స్పష్టంగా రాయండి: ‘45 రోజులు, లేదా బయానా తీసుకున్న రోజు నుంచి 5 రోజులు, ఏది ముందైతే అది. ఆపైన వారానికి ఇంత.’ బ్యాంకు ఇంజనీరు ఖాళీ ఫ్లాట్‌నూ చూసి వెళ్తాడు, ఆయనకు కుషన్లతో పనిలేదు.

ఇంకొన్ని షరతులు. ముస్తాబు చేసిన ఇంట్లో ఎవరూ కాపురం ఉండకూడదు, ఒక్క రాత్రి కూడా. ఊరి నుంచి వచ్చిన బంధువులు పడుకున్న మంచం మళ్లీ ఫొటోకు పనికిరాదు. సామాను పెట్టిన రోజే ఫొటోలతో జాబితా చేసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఫీజు మొత్తం ట్రాలీ బయలుదేరకముందే అందాలి, విడిగా కొంత డిపాజిట్ కూడా. యజమాని డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి, తాళాలు ఇక్కడ నాన్నగారి దగ్గర ఉన్న ఫ్లాట్లు ఈ పనికి చాలా అనువైనవి. అయితే ఒప్పందం మాత్రం నిర్ణయం తీసుకునే కొడుకుతోనో కూతురితోనో చేసుకోండి. పెద్దాయనకు ఒక కాపీ ఇచ్చి, ఓపిగ్గా చదివి వినిపించండి.

ఫీజు చెప్పగానే వచ్చే మాట మీకు తెలుసు.

“ఏమ్మా, నాలుగు కుర్చీలు వేయడానికి నలభై వేలా?”

“కుర్చీలకు కాదు సార్. మీ ఫ్లాట్ 70 లక్షలు చెప్తున్నారు. నా ఫీజు అందులో నూటికి 60 పైసలు కూడా లేదు. మీకు ఇంటి మీద ఇంకా 40 లక్షల లోను ఉందన్నారు కదా. ఎనిమిదిన్నర శాతం వడ్డీ అంటే నెలకు 28 వేలు, మెయింటెనెన్స్ వేరే. ఇల్లు ఖాళీగా ఉన్న ప్రతి నెలా అది పోతూనే ఉంది.”

“మరి దీంతో ధర పెరుగుతుందా?”

“పెరుగుతుందని మాట ఇవ్వను సార్. చూడటానికి వచ్చినవాళ్లు గది ఎంతుందో అర్థం చేసుకుంటారు, ఎక్కువసేపు నిలబడతారు. నేను చేయగలిగింది అది.”

ఈ చివరి జవాబు కంఠతా పట్టండి. ధర గురించి మాట ఇచ్చినవాళ్లకు మొదటి ఇంటితోనే తగాదా మొదలవుతుంది. నెల వడ్డీ లెక్క మాత్రం యజమాని తన కాగితాల్లోనే చూసుకోగలడు. ఆయన అంకెలు ఆయన చేతే వేయించండి.

ఇక కొనే సామాను. లిఫ్టులో పట్టనిది కొనకండి. విడదీసి బిగించే మంచం, ఆరడుగులు మించని సోఫా చాలు. లిఫ్టు లేని మూడో అంతస్తుకు హమాలీలు అంతస్తు లెక్కన అడుగుతారు. మంచం 5 అడుగుల క్వీన్ సైజే తీసుకోండి. 10 అడుగుల గోడకు 6 అడుగుల కింగ్ సైజు వేస్తే రెండు వైపులా రెండేసి అడుగులే మిగిలి, గది ఇరుకని వచ్చినవాళ్లే చెప్పేస్తారు. పరుపు కోసం ఎక్కువ డబ్బు పోయకండి, 4 అంగుళాల ఫోము మీద మంచి దుప్పటి పరిస్తే చాలు. కర్టెన్లు 7 అడుగులవీ 9 అడుగులవీ రెండూ ఉంచుకోండి.

సోఫా రంగు లేత బూడిదో, గోధుమో. రంగులన్నీ మార్చుకోగలిగిన వాటిలో ఉండాలి. బ్రోకర్లు రోజంతా ఫొటోలే చూస్తారు, అదే సోఫా అదే కుషన్లు నాలుగు ఇళ్లలో కనిపిస్తే వెంటనే పట్టేస్తారు. పోచంపల్లి ఇక్కత్ గలేబులు ఒక జత, పెడన కలంకారీ ఒక జత, సాదా నూలువి ఒక జత ఉంటే అదే సోఫా మూడు ఇళ్లలో మూడు రకాలుగా కనిపిస్తుంది. అద్దాలకు, చెక్క స్టూళ్లకు ఎర్రగడ్డ ఆదివారం సంత తిరగండి, ఓపిక ఉంటే మంచివి దొరుకుతాయి. షెల్ఫులోకి ఏటికొప్పాక బొమ్మలు నాలుగు చాలు.

మంచం తల ఉత్తరానికి పెట్టకండి. మీ నమ్మకం ఏదైనా సరే, చూడటానికి వచ్చిన అత్తగారు ముందు దాన్నే పట్టుకుంటారు. పూజ గదిలో విగ్రహాలు పెట్టడం మన పని కాదు. శుభ్రంగా తుడిచి, లైటు వేసి, ఒక ఇత్తడి కుందు పెట్టి వదిలేయండి.

కాగితాల పని తక్కువే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం దగ్గర చేసుకునే నమోదు, ఆన్‌లైన్‌లో ఉచితం, మొదటి నెలలోనే చేసుకోండి. బ్యాంకులో వ్యాపారానికి వేరే ఖాతా తెరవండి. మనలాంటి సేవలకు తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. దగ్గరికి వస్తున్నారనగానే ఆడిటర్‌ను కలవండి.

ఈ వారం అభ్యాసం. మీ ప్రాంతంలో అమ్మకానికి ఉన్న ఖాళీ రెండు బెడ్‌రూముల ఫ్లాట్లు 10 వెతకండి. ఒక్కోటి ఎన్నాళ్లుగా ఖాళీగా ఉందో, యజమాని ఎక్కడుంటారో, లిఫ్టు ఉందో లేదో, సామాను దింపడానికి అసోసియేషన్ ఏమైనా వసూలు చేస్తుందో రాయండి. వాచ్‌మన్‌ను మర్యాదగా అడిగితే వీటిలో సగం ఆయనే చెప్తారు. తరువాత ట్రాలీ ఆటో కిరాయి, హమాలీ కూలి, సెట్టు ధర మీ ఊళ్లో కనుక్కుని, పై లెక్కను 3 ఇళ్లకు, 4 ఇళ్లకు, 6 ఇళ్లకు మళ్లీ వేయండి. మీ సొంత కూలి కూడా ఈసారి కలపండి, రోజుకు ఎంతో మీరే నిర్ణయించుకోండి. నాలుగు ఇళ్ల వరుసలో కూడా మీకు నష్టం వస్తుంటే ఫీజు పెంచాలి, లేదా సెట్టు కొనడం ఇంకో ఆరు నెలలు ఆపాలి. ఆ కాగితం దాచుకోండి, బ్రోకర్లతో మాట్లాడే 5వ పాఠంలో ముందు దాన్నే తీస్తాం.