బూమ్ లిఫ్ట్‌లో వాల్వ్ ఫాల్ట్ కోడ్ వచ్చిందా? కొత్త వాల్వ్ కొనే ముందు ఇవి చూడండి

"కోడ్ వాల్వ్ అని చూపిస్తోందండి, కొత్తది ఒకటి పంపించెయ్యండి." కాకినాడ నుంచి నరసాపురం దాకా బూమ్ లిఫ్టులు (బూమ్ అనే పొడవాటి చేతి కొసన బాస్కెట్‌లో మనుషుల్ని పైకి ఎత్తే బళ్లు) అద్దెకు తిప్పేవాళ్లు ఫోన్ చేస్తే ఎక్కువగా వినబడే మాట ఇదే. వేలు పోసి వాల్వ్ తెప్పిస్తారు, కొరియర్ కోసం రెండు మూడు రోజులు బండి ఖాళీగా పెడతారు, బిగిస్తారు, స్టార్ట్ చేస్తారు. మళ్లీ అదే కోడ్. అప్పుడు కంపెనీని తిడతారు.

కోడ్‌లో తప్పేమీ లేదు. కోడ్ ఇచ్చేది కంట్రోలర్, అంటే వాల్వులకి కరెంటు పంపే ఎలక్ట్రానిక్ పెట్టె. దానికి వాల్వ్ కనపడదు. తను పంపిన కరెంటు ఎంత పోయింది, తిరిగి ఎలా వచ్చింది అన్నదే దానికి తెలుసు. కాబట్టి లిఫ్ట్ అప్ వాల్వ్ అని కోడ్ వస్తే, ఆ వాల్వ్ కాయిల్‌కి (కరెంటు ఇస్తే అయస్కాంతంలా మారి వాల్వ్‌ని కదిపే తీగచుట్ట) వెళ్లే కరెంటు దారిలో ఎక్కడో తేడా ఉందని అర్థం. ఆ దారిలో కంట్రోలర్ పిన్ ఉంది, మీటర్ల కొద్దీ వైరు ఉంది, మధ్యలో రెండు మూడు కనెక్టర్లు ఉన్నాయి, కాయిల్ ఉంది, ఎర్త్ ఉంది. వాల్వ్ లోపల కదిలి ఆయిల్‌కి దారి ఇచ్చే స్పూల్ మాత్రం ఈ లెక్కలోకి రాదు. చాలా యంత్రాల్లో స్పూల్ కదిలిందో లేదో చెప్పే సెన్సార్ ఉండదు. స్పూల్ ఇరుక్కుంటే కోడ్ రాకుండానే బూమ్ కదలడం మానేస్తుంది. కోడ్ వచ్చిందంటే ముందు అనుమానించాల్సింది వైరింగ్‌ని.

మన డెల్టాలో అయితే మరీను. కాకినాడ, అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పు గాలి. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో క్లోరిన్ నీళ్లతో రోజూ కడుగుడు. ఆ నేల కడిగే జెట్ పంపునే బండి మీదకి తిప్పి, వాల్వ్ బ్లాక్ మెరిసేలా కడిగి పెడతారు. రబ్బరు సీలు దాటి కనెక్టర్‌లోకి నీళ్లు పోతాయి, రాగి పిన్నులకి పచ్చగా చిలుము పడుతుంది. హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి చెక్కుచెదరని కనెక్టర్ ఇక్కడ ఒక్క వానాకాలానికే పాడైపోతుంది.

ముందు కావాల్సినవి

మంచి మల్టీమీటర్, ఆ మోడల్ వైరింగ్ డయాగ్రమ్, సన్న పిన్ను ప్రోబులు, 5 యాంపుల ఫ్యూజు పెట్టిన ఒక వైరు, బండి బ్రేక్ లైటుకి వాడే 21 వాట్ల బల్బు హోల్డర్‌తో సహా. ఇంతే. డయాగ్రమ్ లేకుండా మొదలుపెట్టకండి. ఒకే కంపెనీలో కూడా మోడల్ మారితే వైరు నంబర్లు మారతాయి.

బూమ్ పూర్తిగా కిందికి దించి, మడిచి, చదునైన గట్టి నేల మీద పెట్టండి. చెరువు గట్టు మీద వద్దు. చక్రాలకి అడ్డం పెట్టండి. కింద ప్యానెల్ దగ్గర తాళం చెవి మీ జేబులో ఉండాలి, ఆపరేటర్ దగ్గర కాదు. పైన 11 కేవీ లైను ఉంటే బండిని అక్కణ్ణించి జరిపాకే మిగతా పని. బూమ్ లిఫ్ట్‌కి కరెంటు నుంచి రక్షణ ఉంటుందని కొందరు అనుకుంటారు. మామూలు మోడళ్లకి ఉండదు.

కోడ్ రాసుకోండి, చెరపకండి

బండి దగ్గరికి రాగానే తాళం ఆఫ్ చేసి ఆన్ చేస్తే కొన్ని మోడళ్లలో అప్పటి కోడ్ పోతుంది. ముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి. డిస్‌ప్లే లేకుండా లైటు మినుకుమినుకుమని కోడ్ చెప్పే బండి అయితే వీడియో తీయండి. ఇప్పుడున్న ఫాల్ట్ ఏది, పాతది ఏది అని విడిగా రాసుకోండి.

ఒకేసారి నాలుగైదు వాల్వుల కోడ్లు కలిసి వస్తే ఏ వాల్వ్ జోలికీ పోవద్దు. అన్నీ ఒకేసారి చెడవు. బ్యాటరీ, మెయిన్ ఎర్త్ చూడండి. పూర్తిగా చార్జ్ అయిన 12 వోల్టుల బ్యాటరీ, బండి ఆపి ఉంచినప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. వాల్వ్ బ్లాక్ ఎర్త్ వైరు బిగించిన బోల్టు కింద రంగు, తుప్పు గీకండి. ఇక్కడితోనే చాలా బళ్లు బాగవుతాయి.

తర్వాత కోడ్ వచ్చిన కదలికనే కింద ప్యానెల్ నుంచి ఒకసారి, పైన బాస్కెట్ నుంచి ఒకసారి చేసి చూడండి. కింద నుంచి పనిచేసి, పై నుంచి చేయకపోతే గొడవ జాయ్‌స్టిక్ వైపు, బూమ్ వెంట వెళ్లే కేబుల్ వైపు. రెండు చోట్లా అదే కోడ్ వస్తేనే కిందికి చదవండి.

అసలు పని: ఓపెన్ సర్క్యూటా, షార్టా?

మెకానిక్కులు ఎక్కువగా తొందరపడేది ఇక్కడే. వాల్వ్ కోడ్ పక్కన ఉండే మాటలు పెద్దగా మూడే: ఓపెన్ సర్క్యూట్, షార్ట్ టు గ్రౌండ్, షార్ట్ టు బ్యాటరీ. కొన్ని యంత్రాల్లో వీటికి బదులు కరెంటు తక్కువ, కరెంటు ఎక్కువ అని ఉంటుంది. వాల్వ్ పేరు చూసి ఆగిపోయేవాళ్లు ఈ మాట చదవరు. నేను ముందు దీన్నే చదువుతాను.

ఓపెన్ అంటే దారి తెగింది. షార్ట్ టు గ్రౌండ్ అంటే కాయిల్‌లోంచి పోవాల్సిన కరెంటు అడ్డదారిలో బాడీలోకి పోతోంది. షార్ట్ టు బ్యాటరీ అంటే కంట్రోలర్ ఇవ్వకుండానే ఆ వైరులోకి ఎక్కణ్ణించో ప్లస్ వస్తోంది. ఈ మూడోది చాలావరకు వైరు పక్క వైరుతో రాసుకోవడం వల్లే, లేదా ఎవరో హారన్‌కో లైటుకో కనెక్షన్ లాగడం వల్లే వస్తుంది. దానికి కాయిల్ మార్చడం శుద్ధ దండగ.

ఇప్పుడు ఇంజిన్ ఆపండి, ఎమర్జెన్సీ స్టాప్ నొక్కండి, కాయిల్ కనెక్టర్ ఒక్కటి ఊడదీయండి. కనెక్టర్ లోపలికి చూడండి. టార్చి వేసి, కళ్లజోడు ఉంటే పెట్టుకుని చూడండి. పచ్చ చిలుము, వెనక్కి జారిన పిన్ను, నల్లబడ్డ పిన్ను ఏదైనా ఉందా? ఉంటే ఆ పిన్ను కోసేసి కొత్తది క్రింప్ చేయండి, అంటే పనిముట్టుతో నొక్కి బిగించండి. చిలుము మీద స్ప్రే కొట్టి మళ్లీ గుచ్చడం నేను ఒప్పుకోను. పది రోజులు నడుస్తుంది, తర్వాత వానలో మొరాయిస్తుంది. వైరు లోపలి తీగ మెరవాలి, నల్లగా ఉంటే మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి కోయండి. ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేసిన అతుకు ఎక్కడ కనపడినా అది తీసేయాల్సిందే.

కనెక్టర్ ఊడదీసే ఉంచి, బండి ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, కోడ్ ఏమైందో చూడండి. కంట్రోలర్ ఆ వాల్వ్‌కి కరెంటు ఇవ్వబోయినప్పుడే కోడ్ పుట్టే మోడల్ అయితే ఆ స్విచ్ ఒకసారి నొక్కండి. ముందు షార్ట్ టు గ్రౌండ్ అని ఉన్నది ఇప్పుడు ఓపెన్ సర్క్యూట్‌కి మారిందా? అయితే షార్ట్ మీరు ఊడదీసిన వైపే ఉంది, అంటే కాయిల్‌లోనో దానికి అంటుకుని ఉన్న డయోడ్‌లోనో (కరెంటుని ఒకే వైపు పోనిచ్చే చిన్న ముక్క). కాయిల్ ఊడదీసినా షార్ట్ అనే చెబుతోందా? అయితే కాయిల్ నిర్దోషి, వైరులో వెతకండి. రూపాయి ఖర్చు లేదు, రెండు నిమిషాల పని. అయినా ఇది చేయకుండా కాయిల్ మార్చినవాళ్లే ఎక్కువ.

అనుమానం కాయిల్ మీదకి వస్తే మీటర్ పెట్టి రెసిస్టెన్స్ కొలవండి. 12 వోల్టుల కాయిల్ చల్లగా ఉన్నప్పుడు చాలావరకు 5 నుంచి 10 ఓమ్స్ మధ్య చూపిస్తుంది. మీ మోడల్‌కి ఎంత ఉండాలో మాన్యువల్ చెబుతుంది, అది లేకపోతే పక్కనే ఉన్న అదే పార్ట్ నంబర్ కాయిల్‌తో పోల్చండి. లోపల డయోడ్ ఉంటే ప్రోబులు తిప్పి పెట్టినప్పుడు రీడింగ్ మారవచ్చు, రెండు వైపులా కొలిచి రాసుకోండి. రెండు వైపులా సున్నా దగ్గర చూపిస్తే డయోడ్ కాలిపోయిందన్న అనుమానం బలంగా ఉండాలి. బ్యాటరీకి ప్లస్ మైనస్ తిరగేసి జంప్ ఇచ్చినా, కంట్రోలర్ కనెక్టర్ తీయకుండా బాస్కెట్ రెయిలింగ్‌కి వెల్డింగ్ కొట్టినా ఇలాంటివి జరుగుతాయి. కంట్రోలరే పోయినా పోవచ్చు.

చల్లగా కొలిచి బాగుందని వదిలేయకండి. రాగి వేడెక్కే కొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.4 శాతం. 25 డిగ్రీల దగ్గర 8 ఓమ్స్ ఉన్న కాయిల్ 85 డిగ్రీలకి దాదాపు 10 ఓమ్స్ చూపిస్తుంది. అది మామూలే. కానీ కాయిల్ లోపలి తీగ సన్నగా తెగి ఉంటే, చల్లగా ఉన్నప్పుడు కలిసి ఉండి వేడెక్కితే విడిపోతుంది. పొద్దున బాగానే నడిచి, మధ్యాహ్నం ఎండలో ఆగి, మెకానిక్ వచ్చేసరికి సాయంత్రం మళ్లీ పనిచేసే బళ్లలో ఈ తీగ సంగతి తప్పక చూడాలి. బండి ఆగిన వేడిలోనే కొలవాలి. రేపు రండి అంటే రేపూ దొరకదు.

ఇంకా నమ్మకం కుదరకపోతే, పక్క వాల్వ్ కాయిల్ తీసి దీనికి, దీనిది దానికి మార్చండి. కోడ్ కూడా పక్క వాల్వ్‌కి మారితే కాయిల్ పోయినట్టే. అయితే మార్చాల్సింది కాయిల్‌ని, కనెక్టర్లని కాదు. రెండు కనెక్టర్లు అటూ ఇటూ గుచ్చి పరీక్షించే అలవాటు చాలామందికి ఉంది. అలా గుచ్చాక బూమ్ ఎత్తే స్విచ్ నొక్కితే బండి పక్కకి తిరుగుతుంది, పక్కన నిలబడ్డ హెల్పర్ టర్న్‌టేబుల్‌కీ (బూమ్‌ని మోస్తూ తిరిగే భాగం) గోడకీ మధ్య ఇరుక్కుంటాడు. ప్రపోర్షనల్ వాల్వ్ (ఇచ్చిన కరెంటు కొద్దీ తెరుచుకునేది) కాయిల్‌ని ఆన్-ఆఫ్ వాల్వ్ కాయిల్‌తో కూడా మార్చకండి, చూడటానికి ఒకేలా ఉన్నా సరే.

కాయిల్ నట్టు గురించి ఒక మాట. అది బిగించడానికి పెద్ద పానా తీస్తే మీ చేతిలోంచి లాక్కోవాలనిపిస్తుంది. కాయిల్ లోపల ఉండే గొట్టం పల్చన. నట్టు అతిగా బిగిస్తే అది సాగి, లోపల స్పూల్ పట్టేస్తుంది. కరెంటు గొడవ తీర్చి ఆయిల్ గొడవ తెచ్చుకున్నట్టు అవుతుంది. మాన్యువల్‌లో చెప్పిన టార్క్ ఎంతో అంతే.

వైరులో వెతకడం

ఇక్కడ మీటర్‌ని నమ్మవద్దు. ఒక్క పోగు మిగిలిన వైరులో కూడా మీటర్ 12 వోల్టులు, కంటిన్యుటీ బీప్ రెండూ చూపిస్తుంది. వాల్వ్‌కి కావాల్సింది వోల్టులు ఒక్కటే కాదు, యాంపులు. అందుకే బల్బు. వైరుని కంట్రోలర్ వైపు, కాయిల్ వైపు రెండు చోట్లా ఊడదీయండి. కంట్రోలర్ వైపు కొసకి ఫ్యూజు వైరుతో బ్యాటరీ ప్లస్ ఇచ్చి, కాయిల్ వైపు కొసకి, ఎర్త్‌కి మధ్య బల్బు పెట్టండి. 21 వాట్ల బల్బు ఒకటిన్నర యాంపుల పైనే లాగుతుంది, వాల్వ్ కాయిల్ లాగేదానికి దగ్గరగా. బల్బు నిండుగా వెలిగితే వైరు మంచిది. మసగ్గా వెలిగితే చెడ్డది, మీటర్ ఏం చెప్పినా.

కంట్రోలర్ కనెక్టర్ పెట్టి ఉండగా మాత్రం బల్బు పెట్టకండి, బ్యాటరీ ప్లస్ అసలే ఇవ్వకండి. కంట్రోలర్ లోపలి డ్రైవర్ కాలిపోతే వాల్వ్ ఖరీదు చిల్లర అనిపిస్తుంది.

బల్బు వెలుగుతుండగానే వైరింగ్‌ని మెల్లగా కదుపుతూ పోండి. టర్న్‌టేబుల్ దగ్గర వంపు తిరిగే చోట, ఇంజిన్ ట్రే కింద, క్లాంపు రాసుకునే చోట. షెడ్డులో నెలల తరబడి పెట్టిన బండి అయితే ఎలుకలు కొరికిన చోటు దొరక్కపోతే ఆశ్చర్యపడాలి, ముఖ్యంగా పక్కన రైసు మిల్లు ఉంటే.

కరెంటు అంతా బాగుండి బూమ్ కదలకపోతే

స్విచ్ నొక్కినప్పుడు కాయిల్ నట్టు దగ్గర స్క్రూడ్రైవర్ కొస పెట్టి చూడండి, అయస్కాంతంలా లాగాలి. లాగుతోంది, బూమ్ కదలడం లేదు, కోడ్ లేదు. అప్పుడు కార్ట్రిడ్జ్, అంటే స్పూల్ ఉండే వాల్వ్ ముక్క, తీయండి. బూమ్ పూర్తిగా కింద ఆని ఉన్నప్పుడే. ఈ లైన్లలో 200 బార్ దరిదాపు ప్రెషర్ ఉంటుంది, పంపు ఆగాక కూడా కొంత నిలిచి ఉంటుంది. ముందు కొంచెం వదులు చేసి, కారడం ఆగాక పూర్తిగా విప్పండి. లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూడకండి, సన్నని ధార చర్మంలోకి దూరిపోతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా ఆసుపత్రికి వెంటనే పరుగెత్తాలి.

సిలిండర్ మీద బిగించి ఉండే కౌంటర్ బ్యాలెన్స్ వాల్వ్ జోలికి పోకండి. హోస్ పగిలినా బూమ్‌ని పైన ఆపేది అదే. దాని స్క్రూ తిప్పి స్పీడ్ సరిచేస్తానన్న మెకానిక్‌ని గేటు బయటికి పంపించండి.

కార్ట్రిడ్జ్‌లో చెత్త ఉంటే శుభ్రమైన ఆయిల్‌తో కడగండి, ఓరింగులు కొత్తవి వేయండి, ఫిల్టర్ మార్చండి. ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే అందులో నీళ్లు చేరాయి, ఆయిల్ అంతా మార్చాలి.

చివరగా

కోడ్ చెరిపి, ఖాళీ బాస్కెట్‌తో, కింద ప్యానెల్ నుంచి, ఆయిల్ వేడెక్కేదాకా ఆడించండి. అన్ని కదలికలూ, కోడ్ వచ్చిన ఒక్కటే కాదు. కొత్త కనెక్టర్ సీలుకి డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వనిది) కొంచెం రాయండి, పిన్ను గుంటలు నింపేయకండి. వచ్చిన కోడ్, కొలిచిన ఓమ్స్, తేదీ ప్యానెల్ మూత లోపల మార్కర్‌తో రాయండి. ఇక బండి కడిగే కుర్రాడిని పిలిచి వాల్వ్ బ్లాక్ చూపించి, ఇక్కడ జెట్ కొట్టవద్దని, తడిగుడ్డతో తుడవమని చెప్పండి. ఓనర్ ముందే చెప్పండి, లేకపోతే వినడు.