ఓపెన్ యాక్సెస్ జర్నల్‌కు వ్యాసం పంపే ముందు

ఓపెన్ యాక్సెస్ జర్నల్ అంటే ఎవరైనా ఉచితంగా చదవగలిగే పరిశోధన పత్రిక. మీరు ఎంచుకున్న జర్నల్ డీఓఏజే (డైరెక్టరీ ఆఫ్ ఓపెన్ యాక్సెస్ జర్నల్స్) జాబితాలో ఉందో లేదో చూడండి. 2003లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం మొదలుపెట్టిన ఈ జాబితాలో పరిశీలన తర్వాతే చోటు దొరుకుతుంది. అంతటితో ఆగకుండా పాత సంచికల్లో రెండు మూడు వ్యాసాలు చదవండి.

వారంలో సమీక్ష ముగిస్తామని హామీ ఇచ్చే చోటికి పంపకండి. ఆలోచించి చదివే సమీక్షకులకు సమయం పడుతుంది. ఆ ఆలస్యం మీ వ్యాసానికి మేలే చేస్తుంది.

ప్రచురణ రుసుము ఎంత, ఎవరు కట్టాలి, మాఫీ ఉందా? ముందే అడగండి. రుసుము తీసుకోని మంచి జర్నళ్లూ ఉన్నాయి.

లైసెన్సు దగ్గర మాత్రం తొందరపడవద్దు. సీసీ బై అనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఇస్తే మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, అనువదించవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. దానికి ఎన్‌సీ (నాన్ కమర్షియల్) చేరితే వ్యాపారానికి వీలుండదు. ఎన్‌డీ (నో డెరివేటివ్స్) చేరితే మార్చిన రూపాన్ని పంచుకోకూడదు, అనువాదమూ అందులోకే వస్తుంది. అంటే మీ పరిశోధనను తెలుగులోకి తెచ్చి పంచాలనుకునే అధ్యాపకుడు కూడా విడిగా అనుమతి తెచ్చుకోవాలి. నా మటుకు సీసీ బై మేలు. ఒకసారి ఇచ్చిన లైసెన్సును వెనక్కి తీసుకోలేరు కాబట్టి సహరచయితలందరూ ఒప్పుకున్నాకే సంతకం చేయండి.

ఇతరుల పటాలు వాడి ఉంటే వాటికి అనుమతి పత్రాలు సిద్ధంగా ఉంచుకోండి.